రాయల్ తెరచాప ఎత్తడం, దించడం, చుట్టడం ఎలా?

పాతకాలపు పెద్ద ఓడల్లో మాస్టు (తెరచాపలు మోసే నిలువు కొయ్య) కొసన కనబడే, రాయల్ లాంటి చిన్న తెరచాపలను చూసి అక్కడ పని తేలిక అనుకోవద్దు. గుడ్డ పలచన, బరువు తక్కువ, చుట్టడానికి ఇద్దరు చాలు. అదంతా నిజమే. కానీ మాస్టు బాగా సన్నబడేదీ అక్కడే, గాలి ముందుగా ముదిరేదీ అక్కడే. డెక్కు మీద ఒక తాడును వదలాల్సిన వరుసలో వదలకపోతే పైన గుడ్డ చిరుగుతుంది. ఒక్కోసారి కొయ్యే విరుగుతుంది. పై తెరచాపల పనంతా ఒకే నియమం మీద నడుస్తుంది: ఎత్తేటప్పుడు ముందు షీటు (తెరచాప కింది మూలను లాగే తాడు), తర్వాత హాలియార్డు (పైకి ఎత్తే తాడు), దించేటప్పుడు ముందు హాలియార్డు, తర్వాత షీటు. కింద చెప్పబోయే వివరాల్లో చాలా భాగం ఈ వరుసను కాపాడటానికే ఉన్నాయి.

భారత నౌకాదళానికి ఇలాంటి శిక్షణ ఓడలు రెండున్నాయి. 1997లో సేవలో చేరిన ఐఎన్ఎస్ తరంగిణి, 2012లో చేరిన ఐఎన్ఎస్ సుదర్శిని. రెండూ గోవా షిప్‌యార్డులో కట్టినవే, రెండూ మూడు మాస్టుల బార్క్‌లే, అంటే చివరి మాస్టుకు తప్ప మిగతావాటికి అడ్డ తెరచాపలుండే ఓడలు. వాటి మీదికి వెళ్లబోయే కుర్రాళ్లకీ, విదేశీ శిక్షణ ఓడల్లో డబ్బు కట్టి చేరేవాళ్లకీ, ఇంట్లో ఓడ నమూనా కడుతూ ఏ తాడు ఎటు పోతుందో తేలక ఆగిపోయినవాళ్లకీ ఈ వివరాలు పనికొస్తాయి. ఓడ మీద ఆజ్ఞలన్నీ ఇంగ్లిష్ మాటల్లోనే వినబడతాయి కాబట్టి భాగాల పేర్లు అలాగే ఉంచాం.

ముందు మాస్టును చదవండి

మన తీరంలో తెప్పల మీద కనబడే మూడు మూలల తెరచాప పద్ధతి వేరు. ఇక్కడ మాట్లాడుకునేది అడ్డ తెరచాప గురించి. మాస్టుకు అడ్డంగా యార్డు అనే దూలం ఉంటుంది. నాలుగు అంచుల తెరచాప దాని నుంచి కిందికి వేలాడుతుంది. పై అంచు హెడ్, కింది అంచు ఫుట్, పక్క అంచులు లీచ్‌లు, కింది మూలలు రెండూ క్లూలు, నడిమి భాగం బంట్. ఈ అయిదు మాటలు నోటికి వస్తేనే తర్వాతి తాళ్ల పేర్లు అర్థమవుతాయి, ఎందుకంటే క్లూను లాగేది క్లూలైను, బంట్‌ను లాగేది బంట్‌లైను.

మాస్టు ఒకే కొయ్య కాదు. కింద లోయర్ మాస్టు, దాని మీద టాప్‌మాస్టు, ఆ పైన టాప్‌గాలెంట్ మాస్టు. ఒక ముక్క పై చివర, ఇంకో ముక్క కింది చివర కొంత మేర పక్కపక్కన ఉండి కలుస్తాయి. ఆ అతుకును డబ్లింగ్ అంటారు. లోయర్ మాస్టు అతుకు దగ్గర మనుషులు నిలబడగలిగే వేదిక ఉంటుంది, అది టాప్. టాప్‌మాస్టు అతుకు దగ్గర సన్నని అడ్డకమ్మీలు ఉంటాయి, అవి క్రాస్‌ట్రీలు. రాయల్ మాస్టు అనే మాట వినబడుతుంది కానీ చాలా ఓడల్లో అది విడి ముక్క కాదు, టాప్‌గాలెంట్ మాస్టుకే పై భాగం. ఉక్కు మాస్టుల ఓడల్లో లోయర్ మాస్టూ టాప్‌మాస్టూ కలిపి ఒకే గొట్టంగా కూడా కట్టారు. అప్పుడు అతుకు కనబడదు, టాప్, క్రాస్‌ట్రీలు మాత్రం ఉంటాయి.

ఇప్పుడు తెరచాపలు, కింది నుంచి పైకి: కోర్స్, టాప్‌సెయిల్, టాప్‌గాలెంట్, రాయల్. కొన్ని ఓడల్లో రాయల్ పైన స్కైసెయిల్, ఎక్కడో అరుదుగా దాని పైన మూన్‌సెయిల్. ఆజ్ఞల్లో టాప్‌సెయిల్ 'టాప్సల్' అనీ, టాప్‌గాలెంట్ 'టగాలెంట్' అనీ వినబడుతుంది. ముందే చెవికి అలవాటు చేసుకోండి.

లెక్కలో అందరూ తప్పేది ఒక చోట ఉంది. 1850ల ముందు టాప్‌సెయిల్ ఒకే పెద్ద తెరచాప. గాలి ముదిరినప్పుడు దాన్ని కుదించడానికి చాలామంది యార్డు మీదికి ఎక్కాలి. అమెరికన్ కెప్టెన్ ఫ్రెడరిక్ హౌస్ 1854లో పేటెంట్ పొందిన పద్ధతిలో దాన్ని లోయర్ టాప్‌సెయిల్, అప్పర్ టాప్‌సెయిల్ అని రెండుగా విడదీశారు. వాణిజ్య ఓడలు దాన్ని త్వరగా అందుకున్నాయి. తర్వాత పెద్ద ఓడల్లో టాప్‌గాలెంట్‌నూ ఇలాగే రెండు చేశారు. కాబట్టి 'కింది నుంచి నాలుగోది రాయల్' అని లెక్కపెడితే చాలా ఓడల్లో తప్పుతారు. 1902లో నీట దిగిన జర్మన్ ఓడ ప్రాయ్‌సెన్‌లో ఒక్కో మాస్టుకు ఆరు అడ్డ తెరచాపలు. టాప్‌సెయిల్ రెండు, టాప్‌గాలెంట్ రెండు కావడంతో రాయల్ ఆరోది అయింది. అయిదు మాస్టులకు కలిపి ముప్పై.

తప్పకుండా ఉండాలంటే అంకెలు వదిలి అతుకులు చూడండి. టాప్ కంటే కింది యార్డుది కోర్స్. టాప్‌కూ క్రాస్‌ట్రీలకూ మధ్య ఉన్నవి, ఒకటైనా రెండైనా, టాప్‌సెయిళ్లు. క్రాస్‌ట్రీల పైన మొదలయ్యేవి, ఒకటైనా రెండైనా, టాప్‌గాలెంట్లు. వాటి పైది రాయల్. రేవులో ఆగిన ఓడ ఫొటో అయితే ఇంకో చిక్కు ఉంది. తెరచాప చుట్టి ఉన్నప్పుడు కదిలే యార్డులు కిందికి దిగి ఉంటాయి. అప్పర్ టాప్‌సెయిల్ యార్డు లోయర్ టాప్‌సెయిల్ యార్డుకు దగ్గరగా వచ్చేస్తుంది, టాప్‌గాలెంట్, రాయల్ యార్డులూ తమ తమ కింది స్థానాల్లో ఉంటాయి. పైన ఖాళీ మాస్టు మిగిలిపోతుంది. అది చూసి పైన తెరచాప లేదనుకోకండి.

నిజంగానే రాయల్ లేని ఓడలూ ఉన్నాయి. 19వ శతాబ్దం చివర్లో ఖర్చు, మనుషులు తగ్గించుకోవడానికి కొందరు యజమానులు రాయల్స్ తీసేసి కింది తెరచాపలను వెడల్పు చేశారు. దీన్ని బాల్డ్‌హెడెడ్ రిగ్ అనీ, జూబిలీ రిగ్ అనీ అంటారు. ఫిన్లాండ్‌లోని మారియాహామ్న్ రేవులో ఇప్పటికీ ఉన్న నాలుగు మాస్టుల పొమ్మెర్న్ అలాంటిదే.

ఏ భాగానికైనా పూర్తి పేరు మూడు ముక్కల్లో వస్తుంది: మాస్టు, తెరచాప, వస్తువు. 'మెయిన్ రాయల్ క్లూలైను' అంటే నడిమి మాస్టు రాయల్ మూలను పైకి లాగే తాడు. 'ఫోర్ టాప్‌గాలెంట్ షీటు' అంటే ముందు మాస్టు టాప్‌గాలెంట్ మూలను కిందికి లాగే తాడు. చివరి ముక్క మాత్రమే విని చేయి వేసేవాడు ఓడలో అందరికీ ప్రమాదం. పేరు మొత్తం విని, తిరిగి గట్టిగా చెప్పి, అప్పుడే తాడు ముట్టుకోండి.

రాయల్‌కు ఉండే తాళ్లు

హాలియార్డు యార్డును పైకి ఎత్తుతుంది. యార్డు నడిమి నుంచి మాస్టులో ఉన్న కప్పీ మీదుగా వెనక్కి దిగి, కప్పీల జత ద్వారా డెక్కు పక్కకు వస్తుంది. మాస్టు మీద బరువు ఒకే పక్క పడకుండా ఒక యార్డు హాలియార్డును కుడి పక్కకు, దాని పై యార్డుది ఎడమ పక్కకు తేవడం మామూలు.

షీట్లు రెండు. క్లూ నుంచి కింది యార్డు కొసకు, అక్కడి కప్పీలోంచి యార్డు వెంబడి మాస్టు దగ్గరికి, అక్కడి నుంచి డెక్కుకు. అంటే రాయల్ తన కింది టాప్‌గాలెంట్ యార్డుకు కట్టుబడి ఉంటుంది. ఈ ఒక్క సంగతి నుంచే రెండు నియమాలు పుడతాయి. టాప్‌గాలెంట్ ఎత్తకుండా రాయల్ ఎత్తకూడదు. రాయల్ దించకుండా టాప్‌గాలెంట్ దించకూడదు.

క్లూలైన్లు మూలలను యార్డు దగ్గరికి లాగుతాయి, ఇవి తెరచాప వెనక వైపు నడుస్తాయి. బంట్‌లైన్లు ఫుట్‌ను పైకి లాగుతాయి, ఇవి తెరచాప ముందు వైపు నుంచి దిగుతాయి. నమూనాలు కట్టేవాళ్లు తారుమారు చేసేది ఇక్కడే. రాయల్‌కు బంట్‌లైను ఒకటో రెండో ఉంటాయి.

బ్రేసులు యార్డు కొసలకు కట్టి, యార్డును అడ్డంగా తిప్పుతాయి. ముందు మాస్టు రాయల్ బ్రేసులు నడిమి మాస్టు పై భాగానికి, నడిమి మాస్టువి వెనక మాస్టుకు వెళ్లి అక్కడి నుంచి డెక్కుకు దిగుతాయి. మూడు మాస్టులకూ అడ్డ తెరచాపలున్న ఓడలో వెనక మాస్టువి మాత్రం సాధారణంగా ముందుకు, నడిమి మాస్టుకు పోతాయి. లిఫ్టులు యార్డు కొసల నుంచి మాస్టుకు కట్టిన స్థిరమైన తాళ్లు. యార్డు పైకి లేచినప్పుడు వదులుగా ఉంటాయి, దిగినప్పుడు బరువంతా మోస్తాయి.

ఇక మనిషికి కావలసినవి: యార్డు కింద కాళ్లు పెట్టే ఫుట్‌రోప్, యార్డు మీద తెరచాప కట్టిన జాక్‌స్టే, ఇప్పటి ఓడల్లో చేతికీ బెల్టుకీ వేరుగా ఇంకో జాక్‌స్టే, చుట్టిన తెరచాపను బిగించే గాస్కెట్లు.

డెక్కు మీద తాళ్లన్నీ పక్క గోడల పిన్‌రెయిల్‌కూ (తాళ్లు చుట్టి కట్టే పిన్నుల వరుస) మాస్టు అడుగున ఉండే ఫైఫ్‌రెయిల్‌కూ చేరతాయి. సాధారణంగా కింది తెరచాపల తాళ్లు ముందుకు, పై తెరచాపలవి వెనక్కి వరుసగా ఉంటాయి. ఈ అలవాటు వల్లే వాణిజ్య ఓడల నావికులు కొత్త ఓడ ఎక్కిన రాత్రే చీకట్లో తాడు పట్టుకోగలిగేవారు. మీరూ మొదటి రోజు పగలు ఒకసారి, రాత్రి దీపం లేకుండా ఒకసారి రాయల్ తాళ్లన్నీ వేలితో తాకి పేర్లు చెప్పుకోండి. ఓడ ఎక్కిన కొత్తలో ఇంతకంటే ముఖ్యమైన అభ్యాసం లేదు.

పైకి ఎక్కడం

జేబులు ఖాళీ చేయండి. ఉంగరాలు, గడియారం తీసేయండి. కళ్లజోడుకు దారం, కత్తికి తాడు కట్టండి. ముప్పై నలభై మీటర్ల ఎత్తు నుంచి జారిన చిన్న స్పానర్ కింద ఉన్నవాణ్ణి చంపగలదు.

ఎక్కేది గాలివైపు నుంచి. గాలి మిమ్మల్ని తాళ్ల నిచ్చెనకేసి నొక్కుతుంది, ఓడ అటు పక్కకు లేచి ఉంటుంది కాబట్టి నిచ్చెన నిటారు కూడా తగ్గుతుంది. గాలిచాటు వైపు ఎక్కితే రెండూ ఎదురవుతాయి. చేతులతో నిలువు తాళ్లు ష్రౌడ్లనే పట్టుకోండి. అడ్డంగా కట్టిన రాట్‌లైన్ల మీద కాలు పెట్టండి, చేత్తో పట్టుకోవద్దు. నిలువు తాడు ఓడ బరువుకు తట్టుకునేలా కట్టినది. అడ్డతాడు ఎండకూ వానకూ నాని ఎప్పుడైనా తెగవచ్చు. టాప్ అంచు దగ్గర ఫటాక్ ష్రౌడ్లు బయటికి వాలి ఉంటాయి, వీపు సముద్రం వైపు వంగుతుంది. అక్కడ ఆగి ఆలోచించకండి. ఊపు తగ్గకుండా పైకి పోవడమే తేలిక.

యార్డు మీదికి అడుగు పెట్టేముందు మూడు చూసుకోండి. యార్డు పూర్తిగా దిగి లిఫ్టుల మీద ఆగిందా? రెండు బ్రేసులూ బిగించి ఉన్నాయా? కింద అధికారి అనుమతి వచ్చిందా? ఎత్తి ఉన్న యార్డు, వదులు బ్రేసుల యార్డు ఒక్కసారిగా ఊగి మనిషిని విసిరేస్తుంది. ఫుట్‌రోప్ మీద ఇప్పటికే ఎవరైనా ఉంటే 'లేయింగ్ ఆన్' అని అరిచి, వాళ్ల జవాబు విన్నాకే కాలు పెట్టండి. మీ బరువు పడగానే వాళ్ల కాళ్ల కింది తాడు పైకి తంతుంది. పొట్టిగా ఉన్నవాళ్లకు ఇది మరీ ఇబ్బంది. బెల్టు కొక్కెం జాక్‌స్టేకు తగిలించండి. గాస్కెట్‌కు, కదిలే తాళ్లకు, రాట్‌లైన్‌కు తగిలించరాదు.

విప్పి ఎత్తడం

1. గాస్కెట్లు విప్పడం యార్డు కొసల నుంచి మొదలుపెట్టి నడిమికి రండి. బంట్ దగ్గరి గాస్కెట్ చివరిది. నడిమిది ముందు విప్పితే గాలి అక్కడ జొరబడి గుడ్డను ఉబ్బించి కొసల ముడులను బిగించేస్తుంది. విప్పిన గాస్కెట్‌ను చుట్టచుట్టి యార్డుకే వేలాడేలా కట్టండి. వదిలేసిన గాస్కెట్ కప్పీలో ఇరుక్కుంటే మళ్లీ ఒకరు పైకి ఎక్కాలి.

2. పైవాళ్లు యార్డు దిగి క్రాస్‌ట్రీల దగ్గరికి వచ్చాక, విప్పడం అయిందని కింద చెప్పాక, డెక్కు మీద క్లూలైన్లు, బంట్‌లైన్లు పిన్ను నుంచి తీసి వదలండి. తీసిన చుట్టను తిరగేసి డెక్కు మీద పెట్టండి. అప్పుడు పోయే తాడు పైన ఉంటుంది, ముడిపడదు.

3. షీట్లు లాగండి. గాలిచాటు షీటు ముందు, గాలివైపుది తర్వాత. క్లూ యార్డు కొస కప్పీకి దగ్గరగా వచ్చేదాకా లాగాలి, కప్పీలోకి దూరిపోయేలా కాదు. అలా ఇరుక్కున్న క్లూ దించేటప్పుడు రాదు. పిన్నుకు కట్టేయండి.

4. ఇప్పుడు హాలియార్డు. మన పడవలవాళ్లు ఐలేసా అన్నట్టే ఇక్కడా ఒకరు పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు ఆ దెబ్బకు లాగేవారు. వాణిజ్య ఓడల్లో హాలియార్డుకని వేరే పాటలే ఉండేవి. యార్డు లేస్తున్నకొద్దీ బ్రేసులు బిగుసుకుంటాయి, కాబట్టి రెండు బ్రేసుల దగ్గరా ఒక్కొక్కరు నిలబడి కొద్దికొద్దిగా వదలాలి. ఒక పక్క వదలడం ఆలస్యమైతే యార్డు ఆ పక్కకు వాలి, మాస్టుకు పట్టి ఉంచే పారెల్ బిగుసుకుని, ఇక ఎంత లాగినా కదలదు. అప్పుడు బలం పెంచకండి. లాగడం ఆపి బ్రేసు సరిచేయండి.

5. ఎక్కడ ఆపాలి? లీచ్‌లను చూడండి. హెడ్ దగ్గర అడ్డ ముడతలుంటే ఇంకా ఎత్తాలి. పక్క అంచులు నిటారుగా బిగుసుకోగానే ఆపండి. అంతకు మించి లాగితే షీట్లు కింది టాప్‌గాలెంట్ యార్డు కొసలను పైకి వంచుతాయి.

6. హాలియార్డును పిన్నుకు ఎనిమిది ఆకారంలో మూడు చుట్లు వేసి కట్టండి. చివర బిగించే ముడి వేయకండి. ఈ తాడును ఒక్క క్షణంలో వదలాల్సిన రోజు తప్పక వస్తుంది.

7. బంట్‌లైన్లను వదులు చేయండి. ఇది అందరూ మరిచేది. బిగువుగా ఉన్న బంట్‌లైను తెరచాప ముందు ముఖాన్ని రోజంతా రుద్దుతుంది, కొద్ది రోజుల్లో ఫుట్ దగ్గర చిల్లు పడుతుంది. ఒకరు పైకి వెళ్లి, బంట్‌లైనును పైకి లాగి తెరచాప ముందు కొంచెం జీరాడేలా చేసి, యార్డు దగ్గర సన్న నూలు దారంతో ఒక పట్టు కట్టాలి. ఆ దారం బలహీనంగా ఉండాలి. దించేటప్పుడు కింద నుంచి గట్టిగా లాగితే అదే తెగిపోవాలి. గట్టి దారం కట్టారంటే దించేటప్పుడు ఫుట్ లేవదు.

యార్డు తిప్పడం

గాలికి ఎదురుగా వీలైనంత దగ్గరగా పోయేటప్పుడు అడ్డ తెరచాపల ఓడ గాలి దిశకు సుమారు ఆరు పాయింట్లు, అంటే 67 డిగ్రీల దాకా రాగలదు. కింది యార్డులను ష్రౌడ్లు అడ్డుకుంటాయి కాబట్టి అంతకంటే తిప్పలేం. పై యార్డులకు ఆ అడ్డు లేదు, ఇంకా తిప్పవచ్చు. అయినా తిప్పరు. ఒక్కో యార్డును దాని కిందిదానికంటే కొంచెం తక్కువగా తిప్పుతారు, కింది నుంచి చూస్తే యార్డులు విసనకర్రలా మెలి తిరిగి కనబడతాయి.

కారణాలు రెండు. సముద్రం పైభాగం గాలిని రాపిడితో ఆపుతుంది, ఎత్తుకు పోయేకొద్దీ గాలి బలం పెరుగుతుంది. ఓడ వేగంతో కలిసినప్పుడు పైన ఆ బలమైన గాలి కొంచెం వెనక నుంచి వస్తున్నట్టు తగులుతుంది. రెండోది ఇంకా ముఖ్యం. రాయల్ తక్కువ తిరిగి ఉంటే గాలి ముందుకు మళ్లినప్పుడు అన్నిటికంటే ముందు దాని గాలివైపు లీచ్ అల్లాడుతుంది. చుక్కాని పట్టినవాడు కన్ను మెయిన్ రాయల్ ఆ అంచు మీదే పెట్టి ఓడ నడుపుతాడు. అది సన్నగా వణుకుతూ ఉంటే సరైన దారి. బాగా కొట్టుకుంటే వెంటనే చుక్కాని తిప్పి ఓడను గాలి నుంచి కొద్దిగా పక్కకు తీయాలి. అది గమనించకపోతే గాలి తెరచాపల ముందు ముఖాన తగిలి వాటిని మాస్టుకేసి వెనక్కి నొక్కుతుంది. మాస్టుకు వెనక వైపు నుంచి ఆసరా ఇచ్చే తాళ్లు ఎక్కువ, ముందు వైపు తక్కువ. మొదట విరిగేది టాప్‌గాలెంట్ మాస్టే.

టాప్‌గాలెంట్ యార్డును తిప్పినప్పుడల్లా రాయల్‌నూ కలిపి తిప్పండి. షీట్లు దానికే కట్టి ఉన్నాయి కదా. రాయల్ బ్రేసు మరిచిపోతే తెరచాప మెలిపడి యార్డు వంగుతుంది.

ఎప్పుడు దించాలి

బ్యూఫోర్ట్ గాలి కొలమానం మొదట తెరచాపల్లోనే రాసింది. బ్రిటిష్ నౌకాదళ అధికారి ఫ్రాన్సిస్ బ్యూఫోర్ట్ 19వ శతాబ్దం మొదట్లో దాన్ని తయారుచేశాడు. గాలికి ఎదురుగా పోతున్న మంచి యుద్ధనౌక ఇంకో ఓడను తరుముతూ ఏ తెరచాపలు మోయగలదో అదే కొలత. ఆ లెక్కన రాయల్స్ మోసే చివరి మెట్టు 5, అంటే ఇప్పటి కొలతలో 17 నుంచి 21 నాట్ల (గంటకు అన్ని నాటికల్ మైళ్ల) గాలి. మెట్టు 6కు టాప్‌గాలెంట్లు ఉంటాయి, టాప్‌సెయిళ్లు ఒక మడత కుదిస్తారు, రాయల్స్ ఉండవు. తరుముతున్న యుద్ధనౌకలో వందల మంది నావికులుంటారని గుర్తుంచుకోండి. కొత్తవాళ్లు నిండిన శిక్షణ ఓడలో ఇంకా ముందే దించాలి.

ఎత్తు ప్రభావం లెక్కవేసి చూడండి. డెక్కుకు 10 మీటర్ల ఎత్తున ఒక బలం ఓడను ఎంత వాల్చుతుందో, అదే బలం 40 మీటర్ల ఎత్తున అంతకంటే చాలా ఎక్కువ వాల్చుతుంది. రాయల్ దించితే వేగం పోయేది కొంచెమే. ఓడ నిటారు కావడం వెంటనే తెలుస్తుంది. వెనక గాలిలో పోయేటప్పుడు మనం గాలితోపాటే కదులుతుంటాం కాబట్టి గాలి బలం తక్కువగా తోస్తుంది. అలా మోసపోయి ఆలస్యం చేసినవాళ్లే ఎక్కువ. గాలివైపు ఆకాశంలో నల్ల మబ్బు అంచు, దాని కింద నీటి మీద తెల్లని గీత కనబడితే వాన గాలి మీదికి వస్తోంది. అది చేరేలోపు రాయల్స్ దిగి ఉండాలి. చాలా ఓడల్లో చీకటి పడేముందే రాయల్స్ దించేవారు, మంచి అలవాటు.

దించడం

వదిలే తాళ్ల దగ్గర ఒక్కొక్కరు, లాగే తాళ్ల దగ్గర మిగతావాళ్లు. అందరూ సిద్ధమయ్యేదాకా ఏ తాడూ ముట్టుకోకండి.

ముందు హాలియార్డు వదలండి, ఒక చుట్టు పిన్నుకు ఉంచి అదుపుగా. అదే సమయంలో షీట్లు కట్టే ఉంచి క్లూలైన్లు లాగండి. షీటు బిగువుగా ఉంటే క్లూ కదలదు, కాబట్టి క్లూలైను యార్డునే కిందికి లాగుతుంది. దీన్నే క్లూయింగ్ డౌన్ అంటారు. యార్డు లిఫ్టుల మీద ఆగాక షీట్లు వదలండి. ఇప్పుడు అదే క్లూలైను మూలలను పైకి తెస్తుంది, వెంటనే బంట్‌లైన్లు లాగి ఫుట్‌ను యార్డుకు చేర్చండి. యార్డు దిగేకొద్దీ బ్రేసుల్లో వదులు వస్తుంది, ఆ వదులును లాగుతూ ఉండండి. చివరికి రెండు బ్రేసులూ బిగించాకే మనుషులను పైకి పంపాలి.

షీటు ముందు వదిలితే ఏమవుతుంది? యార్డు పైనే ఉంది, తెరచాప కింది భాగం స్వేచ్ఛగా గాలిలో కొట్టుకుంటుంది. పలచని రాయల్ గుడ్డ ఆ దెబ్బలకు నిమిషాల్లో కుట్లు విడిపోతుంది. ఆ కుదుపులు సన్నని మాస్టును ఊపేస్తాయి.

హాలియార్డు వదిలినా యార్డు దిగకపోతే గాలి ఒత్తిడి పారెల్‌ను మాస్టుకు నొక్కి పట్టుకుందని అర్థం. చుక్కాని పట్టినవాణ్ణి ఓడను గాలి వైపు కొద్దిగా తిప్పమనండి, లేదా గాలివైపు బ్రేసు లాగి తెరచాపలో గాలి తగ్గించండి. గాలి పలచబడగానే యార్డు జారుతుంది. ఇలా కాకుండా ఉండటానికే టాప్‌గాలెంట్ మాస్టుకు క్రమం తప్పకుండా కొవ్వు పూసేవారు. ఇప్పుడు గ్రీజు పూస్తారు. పొడిబారిన మాస్టు మీద యార్డు ఇరుక్కోవడం మామూలు.

చుట్టడం

గాలి గట్టిగా ఉంటే గాలివైపు సగం ముందు అణచండి. అటు వదిలేస్తే గాలి గుడ్డ కిందికి దూరి మీరు చుట్టిందంతా ఊడదీస్తుంది. పొట్ట యార్డుకు ఆనించి, వంగి, రెండు చేతులా గుడ్డ మడతను పైకి లాగండి. లాగింది పొట్ట కింద నొక్కిపెట్టి మళ్లీ లాగండి. గోళ్లతో పీకకండి, తడిసిన కాన్వాస్ గోళ్లు ఊడదీస్తుంది. అరచేతులతో మడత పట్టుకోవాలి. గాలి ఊపు మధ్యలో ఒక్క క్షణం గుడ్డ మెత్తబడుతుంది, లాగాల్సింది అప్పుడే. గాలి కొరడాలా కొట్టినప్పుడు వదిలేసి యార్డును పట్టుకోండి. ఒక చేయి ఓడకు, ఒక చేయి మీకు అన్నది పాత నావికుల నియమం. బెల్టులు వచ్చాక కూడా అది మారలేదు.

గుడ్డంతా యార్డు మీదికి వచ్చాక చివరి మడతను పైకప్పులా బయట బిగువుగా చుట్టండి, దాన్ని స్కిన్ అంటారు. మడతల నోరు పైకి ఉంటే వాననీరు లోపల నిలుస్తుంది, కాబట్టి నోరు వెనక్కి, కిందికి పోవాలి. బంట్ దగ్గర గుడ్డ ఎక్కువ పోగవుతుంది, దాన్ని యార్డు నడిమిన పైకి తోసి ముందు కట్టండి. తర్వాత గాస్కెట్‌ను నడిమి నుంచి కొస వైపు యార్డు చుట్టూ మెలికలుగా వేస్తూ పోయి, చివర జారుముడి వేయండి. ప్రతి చుట్టులో చూసుకోవాల్సింది ఒకటుంది. గాస్కెట్ లోపల బ్రేసు గానీ లిఫ్టు గానీ ఫుట్‌రోప్ గానీ ఇరుక్కోకూడదు. చీకట్లో ఈ తప్పు తరచూ జరుగుతుంది.

ఇంకా పైన

స్కైసెయిల్ పని రాయల్ లాంటిదే, ఒక్క మనిషి చుట్టగలడు. 1869లో దిగి ఇప్పుడు లండన్ గ్రెనిచ్‌లో ఉన్న కటీ సార్క్‌కు నడిమి మాస్టు మీద స్కైసెయిల్ ఉండేది. మూన్‌సెయిల్‌ను, పాతకాలంలో రాయల్‌ను కూడా 'ఫ్లైయింగ్' పద్ధతిలో ఎత్తేవారు. అంటే యార్డుతో సహా డెక్కు నుంచి పైకి పంపి, పని అయ్యాక మళ్లీ కిందికి దించేయడం. యార్డుల పక్కకు కర్రలు చాచి కట్టే స్టన్‌సెయిళ్లు మంచి వాతావరణంలో వెనక గాలికే. ఇవన్నీ కలిపి నావికులు 'కైట్స్' అనేవారు. నమూనా కట్టేవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోండి. ఫ్లైయింగ్ రాయల్ ఉన్న 18వ శతాబ్దపు ఓడకు స్థిరమైన రాయల్ యార్డు తాళ్లన్నీ పెడితే కాలం తప్పుతుంది.

కాన్వాస్‌కు సంఖ్యలుంటాయి, సంఖ్య పెరిగేకొద్దీ గుడ్డ పలచన. కోర్సులకూ టాప్‌సెయిళ్లకూ చిన్న సంఖ్యల బరువు గుడ్డ, రాయల్‌కూ స్కైసెయిల్‌కూ పెద్ద సంఖ్యల తేలిక గుడ్డ. కొత్త రాయల్ కుట్టించేటప్పుడు 'గట్టిగా ఉంటుంది' అని బరువు గుడ్డ ఎంచుకోకండి. తేలిక గాలిలో అది నిండదు, మాస్టు కొసన బరువు పెరుగుతుంది. రాయల్ చిరిగితే మార్చవచ్చు. అది చిరగకుండా మాస్టునే విరిచేంత బలంగా ఉండటం ఓడకు మంచిది కాదు.

తడిసిన రాయల్‌ను చుట్టాల్సి వస్తే వదులుగా చుట్టండి. రేవు చేరాక గాలి తక్కువగా ఉన్న పొద్దున విప్పి, క్లూలైన్లు, బంట్‌లైన్ల మీదే వేలాడదీసి ఆరబెట్టండి. పత్తి, నార గుడ్డలైతే రెండు మూడు రోజుల తడికే బూజు నల్ల చుక్కలు వస్తాయి, చుక్క ఉన్న చోట దారం కుళ్లుతుంది. ఆరేటప్పుడే పైకి వెళ్లి బంట్‌లైను రుద్దిన గీతలు, క్లూ కుట్లు, జాక్‌స్టేకు కట్టిన తాళ్లు, ఫుట్‌రోప్ చివరి కట్లు ఒక్కొక్కటీ చేత్తో తడిమి చూడండి. అనుమానం వచ్చినదాన్ని ఆ రోజే మార్చండి.